రుషికొండలో మాకు రూము దొరికింది, కారుకు చోటు దొరకలేదు

శనివారం రాత్రి 11.40కి తలుపు దబదబా బాదారు. మా అత్తగారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. తీస్తే రిసెప్షన్ కుర్రాడు. "సార్, మీ బండి అర్జెంటుగా తీయాలి. పెళ్లి బస్సు ఇరుక్కుపోయింది" అన్నాడు. నిద్రకళ్లతో కిందికి వెళ్లి, చీకట్లో ఆ ఏటవాలు సందులో కారు వెనక్కి తీయడానికి పావుగంట పట్టింది.

రాజమండ్రి నుంచి విశాఖకు 190 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరాం, దారిలో ఏ ఇబ్బందీ లేదు. రెండు రూములు, రెండు రాత్రులు, మొత్తం రూ.16,800 ముందే కట్టేశాను. రుషికొండ దగ్గర, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. నేను ఆ హోటల్ ఎంచుకున్నది మాత్రం 'ఉచిత పార్కింగ్' అని రాసి ఉన్నందుకే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కారు గుమ్మం ముందు ఆగకపోతే ఆవిడకు యాత్ర యాత్రే కాదు.

రిసెప్షన్ వెనకాల తాళాల బోర్డు మీద లెక్కపెట్టాను, 22 రూములు. పార్కింగ్‌లో పట్టేవి ఆరు కార్లు. అందులో అయిదు పెళ్లివారివి, ఆరో చోట జనరేటర్. మేనేజర్‌ని అడిగితే "ఫ్రీ పార్కింగ్ అంటే ఖాళీ ఉంటేనే సార్" అన్నాడు. మరి ఆ ముక్క బుకింగ్‌లో ఎందుకు రాయలేదయ్యా అంటే జవాబు లేదు. పక్క ఖాళీ స్థలం చూపించాడు, రాత్రికి రూ.200, రసీదు ఉండదు. ఏటవాలుగా ఉందని వెనక చక్రం కింద సగం ఇటుక పెట్టి వచ్చాను. అర్ధరాత్రి తీయమన్నది అక్కడి నుంచే. తీసి రోడ్డు వారన పెట్టాను. తెల్లారేసరికి వెనక డోరు నుంచి బంపర్ దాకా జానెడు గీత. మా ఆవిడ ఏమీ అనలేదు, వేలితో ఆ గీతను ఒకసారి తడిమి వెళ్లి కారులో కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అంతకన్నా బాధ కలిగించింది ఇంకొకటి. అద్దె కార్ల డ్రైవర్లు నలుగురు అద్దాలు దించుకుని, సీట్లు వాల్చుకుని, మొహాల మీద తువ్వాళ్లు కప్పుకుని పడుకున్నారు. వాళ్లకు ఒక గది లేదు, బాత్రూమ్ లేదు. పొద్దున్నే కుళాయి దగ్గర బకెట్ కోసం ఎదురుచూస్తున్నారు. ఘాట్ రోడ్డు మీద మన పిల్లల ప్రాణాలు ఆ డ్రైవర్ల చేతుల్లోనే ఉంటాయి. రాత్రి నిద్ర లేనివాళ్లను నమ్ముకుని అరకు ఎలా ఎక్కుతాం?

2024లో మా బావమరిది దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ చూశాం. పార్కింగ్‌కు 35 డాలర్లు. అప్పుడు మనసు చివుక్కుమంది గానీ, ఇప్పుడు అర్థమవుతోంది. 2000లో కట్టిన ఆ పార్కింగ్ భవనంలో పది వేల దాకా కార్లు పడతాయి. ఒక్కో అంతస్తుకు మిక్కీ, డోనాల్డ్ అంటూ బొమ్మల పేర్లు. ఏ అంతస్తులో పెట్టామో మా చిన్నదే గుర్తుపెట్టుకుంది. కారు దిగగానే ట్రామ్ ఎక్కించి గేటు దాకా తీసుకెళ్లారు, అత్తగారు పది అడుగులు కూడా అదనంగా వేయలేదు.

వాళ్లూ మొదట్లోనే అన్నీ సరిగ్గా చేయలేదు. 1955లో పార్కు తెరిచేసరికి హోటల్ కట్టడానికి డిస్నీ దగ్గర డబ్బు లేదు. జాక్ రాథర్ అనే వేరే ఆయన కట్టాడు, డిస్నీ దాన్ని సొంతం చేసుకునేసరికి 1988 వచ్చింది. ఈలోగా పార్కు చుట్టూ ఎవరికి తోచినట్టు వాళ్లు మోటళ్లు కట్టేశారు. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో ముందు దాదాపు 27,000 ఎకరాలు కొని, 1971లో తెరిచినప్పుడే హోటళ్లను, పార్కును మోనోరైలుతో కలిపారు. అనాహైమ్‌లో పాత పార్కింగ్ మైదానంలో 2001లో రెండో పార్కు కట్టారు. దానికి ముందే కార్లకు ఆ అంతస్తుల భవనం కట్టిపెట్టుకున్నారు. ముందు కార్లకు చోటు, తర్వాతే కొత్త ఆకర్షణ. మన దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలోనూ అంతే, కారు బయట వదిలితే బస్సులో లోపలికి తీసుకెళ్తారు.

ఆదివారం కైలాసగిరికి కారులో పోదామంటే నేనే వద్దన్నాను. ఆటోలో రోప్‌వే దగ్గర దిగాం, రూ.250. మీరూ అదే చేయండి, సెలవు రోజున కొండ మీదికి సొంత కారు వద్దే వద్దు. పైన శివపార్వతుల ముందు ఫొటోలు, టాయ్ ట్రైన్, మా చిన్నది రెండు గంటలు కేరింతలు. సాయంత్రం బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన ఆ ఇనుప గొట్టంలోకి వంగి దూరాలి కాబట్టి అత్తగారు బయటే కూర్చుని మురీ మిక్చర్ తిన్నారు.

రాత్రి భోజనం మాత్రం మరిచిపోలేను. భీమిలి రోడ్డులో రేకుల షెడ్డు కింద ఒక మెస్. వంజరం వేపుడు ముక్క రూ.180, చేపల పులుసుతో భోజనం రూ.150. పులుసు నిన్నటిది అని వడ్డించే ఆవిడే చెప్పింది, అందుకే అంత రుచి. పక్కన కొబ్బరిచెట్ల కింద పది కార్లకు చక్కగా సున్నం గీతలు గీసి ఉన్నాయి. "గీత గీయకపోతే ఇద్దరి చోటు ఒక్కరే తినేస్తారమ్మా" అంది మా ఆవిడతో. పొద్దుట్నుంచీ మా ఆవిడ నవ్వింది అప్పుడే.

విశాఖలో కొత్త హోటళ్లు వస్తాయంటున్నారు, రానివ్వండి. కానీ బీచ్ రోడ్డుకు ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు. రోడ్డును వెడల్పు చేయడానికి ఎంతని చోటుంటుంది? ఎండాడ, మధురవాడ వైపు హైవే పక్కన పెద్ద పార్కింగులు కట్టి, అక్కడి నుంచి రుషికొండకు, కైలాసగిరికి పది నిమిషాలకో చిన్న బస్సు నడపాలి. అందులో పెద్దవాళ్లు ఎక్కేలా మెట్టు కిందికి ఉండాలి. రూముల లెక్కన కార్ల చోటు చూపించనిదే హోటల్‌కు అనుమతి ఇవ్వకూడదు. ఫంక్షన్ హాల్ ఉంటే దానికి వచ్చే బస్సుల లెక్క వేరే. డ్రైవర్లకు మంచాలున్న గది తప్పనిసరి చేయాలి.

మీరు బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: రూములెన్ని, కార్లెన్ని పడతాయి? ఆ రోజు పెళ్లి ఉందేమో కూడా కనుక్కోండి. గీతకు రాజమండ్రి షెడ్డులో రూ.3,800 అవుతుందన్నారు. హోటల్‌కు ఫొటోలు పంపి పదకొండు రోజులైంది, ఇంకా జవాబు రాలేదు.