ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్: స్టాక్ బటన్ మీద మోజు, డబ్ల్యూఎమ్ఐ దగ్గర అలక

ఏ ప్రోగ్రామూ తెరవకుండానే సీపీయూ 12 శాతం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిందంటే అది చాలాసార్లు ఒక్క థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల నడిచే ఒక్కో పని వరస) పని. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషీన్‌లో ఒక థ్రెడ్ తిరిగినచోటే తిరుగుతూ కూర్చుంటే వందలో ఎనిమిదో వంతు, అంటే 12.5 తినేస్తుంది. నాలుగే ఉంటే 25. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల లోపలి సంగతి చూపే మైక్రోసాఫ్ట్ ఉచిత టూల్) దీన్ని దశాంశాలతో 12.43 అని చూపిస్తుంది. విండోస్ 10 టాస్క్ మేనేజర్ టర్బో వేగాన్నీ లెక్కలో కలుపుతుంది కాబట్టి అదే పని 15, 16గా కనిపించొచ్చు, దాంతో ఈ ఆనవాలు చెరిగిపోతుంది.

ఇన్నేళ్లుగా చేతికొచ్చిన ప్రతి విండోస్ మెషీన్‌లోనూ నేను ముందు దించుకునేది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరరే. అదీ ఒకే ఒక్క బటన్ కోసం: థ్రెడ్స్ ట్యాబ్ అడుగున ఉండే స్టాక్. ఆ థ్రెడ్ ఆ క్షణంలో ఏ ఫంక్షన్ల మీదుగా నడుస్తోందో చూపే జాబితా అది. సీపీయూ తింటున్న ప్రాసెస్ మీద డబుల్ క్లిక్, థ్రెడ్స్ ట్యాబ్, సీపీయూ కాలమ్ మీద క్లిక్ చేసి పెద్ద అంకె పైకి తెచ్చుకోవడం, ఆ థ్రెడ్‌ను ఎంచుకుని స్టాక్ నొక్కడం. స్టార్ట్ అడ్రస్ చూసి ఆగిపోవద్దు. ఈ మధ్య సగం థ్రెడ్‌లకు అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్ వర్కర్ థ్రెడ్ అనే ఉంటుంది, దాని వల్ల తెలిసేది సున్నా. స్టాక్ తెరిస్తే ఏ డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైలు), ఏ డ్రైవర్ నడుస్తోందో పేరుతో సహా వరసగా కనిపిస్తుంది. నాలుగైదుసార్లు రిఫ్రెష్ కొట్టండి. ప్రతిసారీ అదే పేరు వస్తే దొంగ దొరికినట్టే.

రెండు షరతులు. అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి, లేకపోతే సగం గళ్లు ఖాళీగా ఉంటాయి. ఫంక్షన్ల పేర్లు సరిగ్గా రావాలంటే సింబల్స్, అంటే ఆ పేర్లు రాసి ఉండే ఫైళ్లు, కావాలి. విండోస్ ఎస్‌డీకే (డెవలపర్ల టూల్స్ కట్ట) ఇన్‌స్టాలర్‌లో డీబగ్గింగ్ టూల్స్ ఒక్కటే టిక్ చేసి, ఆప్షన్స్‌లోని కాన్ఫిగర్ సింబల్స్‌లో అందులో వచ్చిన డీబీజీహెల్ప్ ఫైలు చూపించి, మైక్రోసాఫ్ట్ సింబల్ సర్వర్ చిరునామా ఇవ్వాలి. సిస్టమ్32లో ఉన్న డీబీజీహెల్ప్‌తో సర్వర్ నుంచి సింబల్స్ దిగవు. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. డీఎల్ఎల్ పేరు వరకు చాలనుకుంటే ఈ తతంగం అక్కర్లేదు.

ఇక అలక సంగతి. నాలుగు కోర్లు, ఎనిమిది లాజికల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్. ఫ్యాన్ ఆగదు, బ్యాటరీ నిలవదు. పైన కనిపించేది డబ్ల్యూఎమ్ఐ (అడిగిన ప్రోగ్రామ్‌లకు మెషీన్ వివరాలు చెప్పే విండోస్ ఏర్పాటు) ప్రొవైడర్ హోస్ట్, 12 శాతం. దాన్ని కిల్ చేస్తే కొన్ని సెకన్లలో కొత్త పీఐడీతో (ప్రాసెస్‌కు విండోస్ ఇచ్చే నంబరు) మళ్లీ హాజరు. స్టాక్ నొక్కితే సిమ్‌విన్32 డీఎల్ఎల్. అంటే హార్డ్‌వేర్ వివరాలు ఎవరో అడుగుతున్నారు, ఇది చెబుతోంది. ఎవరు అడుగుతున్నారు? ప్రాసెస్‌ల చెట్టులో పైకి చూస్తే డీకామ్ లాంచ్ నడిపే సర్వీస్ హోస్ట్. ఎవరు అడిగినా ఈ ప్రొవైడర్‌ను లేపేది అదే కాబట్టి అసలు పేరు అక్కడ ఉండదు. మట్టి మోసే కూలీని చూపించింది గానీ మేస్త్రీ ఎవరో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చెప్పలేకపోయింది. అంత మెచ్చుకున్న స్టాక్ బటన్ ఇక్కడ ఎందుకూ కొరగాలేదు.

జవాబు దొరికింది ఈవెంట్ వ్యూయర్‌లో. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డబ్ల్యూఎమ్ఐ యాక్టివిటీ, ఆపరేషనల్. అందులో 5858 నంబరు ఈవెంట్‌లో అడిగిన క్వెరీ (ప్రశ్న), అడిగిన ప్రాసెస్ పీఐడీ (క్లయింట్ ప్రాసెస్ ఐడీ అని ఉంటుంది) రెండూ ఉంటాయి. చిక్కేమిటంటే 5858 పడేది క్వెరీ విఫలమైనప్పుడే. సవ్యంగా జవాబు అందుకుంటూ సీపీయూ తినేవాడు ఇక్కడ దొరకడు. అలాంటప్పుడు వ్యూ మెనూలో అనలిటిక్, డీబగ్ లాగ్‌లు చూపించమని టిక్ పెడితే ట్రేస్ అనే లాగ్ బయటికొస్తుంది. దాన్ని ఎనేబుల్ చేసి రెండు నిమిషాలు ఉంచి, ఆపేసి, 11 నంబరు ఈవెంట్‌లు చూడాలి. ఆపడం మాత్రం మరిచిపోవద్దు.

ఈ ల్యాప్‌టాప్‌లో ఒకే పీఐడీ కొద్ది సెకన్లకోసారి విన్32 పీఎన్‌పీ ఎంటిటీ జాబితా మొత్తం అడుగుతోంది. అంటే మెషీన్‌లో ఉన్న ప్రతి పరికరం వివరమూ మొదటి నుంచి చివరి దాకా. ఆ పీఐడీని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికితే ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన 'సహాయక' సాఫ్ట్‌వేర్ సర్వీసు తేలింది. అది మాత్రం సీపీయూ కాలమ్‌లో 0.01 కన్నా తక్కువ దగ్గర అమాయకంగా కూర్చుంది! సర్వీసెస్‌లో స్టాప్ చేసి స్టార్టప్ టైప్ మాన్యువల్ పెట్టగానే మొత్తం సీపీయూ రెండు శాతానికి దిగింది. తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ ఆటోమేటిక్ అయి కూర్చుంది. చివరికి అన్‌ఇన్‌స్టాలే గతి అయింది. ఈ గొడవలో డబ్ల్యూఎమ్ఐ సర్వీసునే డిజేబుల్ చేసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, సెక్యూరిటీ సెంటర్ దాని మీదే ఆధారపడి ఉంది.

జాబితాలో ఇంటరప్ట్స్ అనే వరస గురించి కూడా మొదట్లో గొప్పగా చెప్పేవాణ్ని. అది ప్రాసెస్ కాదు, హార్డ్‌వేర్ పిలుపులకు, డ్రైవర్ల వాయిదా పనులకు పోయే సమయం. మామూలుగా ఒక శాతం లోపు ఉండాలి. ఐదు, పది దగ్గర తిష్ఠ వేసిందంటే డ్రైవరో పరికరమో తేడా. ఏ డ్రైవర్ అన్నది మాత్రం ఇక్కడా తెలియదు. యూఎస్‌బీ పరికరాలు ఒక్కొక్కటే పీకి చూడడం, వైఫై ఆపి చూడడం, అప్పటికీ తగ్గకపోతే లేటెన్సీమాన్ (డ్రైవర్ల ఆలస్యాన్ని కొలిచే టూల్) నడపడం. సిస్టమ్ ప్రాసెస్ (పీఐడీ 4) లోపల ఏసీపీఐ (పవర్, హార్డ్‌వేర్ నిర్వహణ చూసే డ్రైవర్) థ్రెడ్ తింటోందంటే బయోస్ అప్‌డేట్ వైపు చూడాలి. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అయితే రక్షిత ప్రాసెస్ కాబట్టి స్టాక్ చూడనివ్వదు. దానికి పవర్‌షెల్‌లో న్యూ ఎంపీ పెర్ఫార్మెన్స్ రికార్డింగ్ అనే వేరే ఆదేశం ఉంది, అది రికార్డు చేసిన ఫైలును గెట్ ఎంపీ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఆదేశానికి ఇస్తే ఏ ఫోల్డర్ స్కాన్‌కు ఎంత సమయం పోయిందో తెలుస్తుంది.

వైరస్‌టోటల్ (ఫైలును అనేక యాంటీవైరస్ ఇంజన్లతో పోల్చి చూసే సైటు) కాలమ్ పనికొచ్చేదే, అయితే డెబ్భై చిల్లర ఇంజన్లలో ఒకటో రెండో ఎర్రజెండా ఎత్తినంత మాత్రాన ఫైలు తీసేయకూడదు. దొంగచాటుగా క్రిప్టోకరెన్సీ తవ్వే మైనర్ ప్రోగ్రామ్‌లలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే గప్‌చుప్ అయిపోతాయి, కొన్ని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ పేరును కూడా కనిపెడతాయి. తెరిచిన క్షణంలోనే ఫ్యాన్ శాంతిస్తే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫైలు పేరు మార్చి మళ్లీ నడపండి.

నేను చూసేవి ఎక్కువగా 8 జీబీ ర్యామ్‌తో ఆరేడేళ్లు నడిచిన ల్యాప్‌టాప్‌లు, కంపెనీ సాఫ్ట్‌వేర్ చెత్త నిండినవి. వాటికి ఇది లేకుండా చేయి కదలదు. ఒకే కొత్త మెషీన్, అప్పుడప్పుడు వచ్చే సమస్య అయితే విండోస్‌లోనే ఉన్న రిసోర్స్ మానిటర్‌తో సరిపెట్టుకోవచ్చు. టాస్క్ మేనేజర్ బదులు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌నే పెట్టుకునే ఆప్షన్ ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ని, ఇప్పుడు చెప్పడం లేదు. పాత రెండు కోర్ల మెషీన్‌లో ఇదే రెండు, మూడు శాతం తింటుంది. అలాంటి చోట అప్‌డేట్ స్పీడ్ 5 సెకన్లకు పెట్టి, అంకెలు గంతులేస్తున్నప్పుడు స్పేస్ బార్ నొక్కితే తెర అక్కడికక్కడే ఆగుతుంది, తీరిగ్గా చదువుకోవచ్చు.