ఆబ్జెక్ట్ ఎంట్రీస్: చాలాకాలం వాడాక నా మాట

భీమవరంలో ఒక రొయ్యల వ్యాపారి కోసం రేట్ల పేజీ చూసుకునేది నేనే. పట్టుబడికి ముందు ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు రైతులు ఫోన్‌లో తెరిచేది దాన్నే. కౌంటుకో (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు చొప్పున అన్నీ ఒకే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులో, అంటే కీ అనే పేరూ దాని విలువా జంటలుగా ఉండే మూటలో ఉండేవి. వాటిని తీయడానికి, కీలను ఒక్కోటిగా ఇచ్చే ఫర్-ఇన్ లూపు మానేసి, కీ-విలువ జంటల జాబితా ఇచ్చే ఆబ్జెక్ట్ ఎంట్రీస్‌కి మారాను, మళ్లీ అటు చూడలేదు.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు ఫర్-ఇన్‌తో దాదాపు ఒకేచోట ఇరుక్కుంటారు. లూపులో ‘రేట్లు’ తర్వాత చుక్క పెట్టి ‘కీ’ అని రాస్తారు. తెర నిండా అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేదని! చుక్క పెడితే అచ్చంగా ‘కీ’ అనే పేరున్న ప్రాపర్టీనే వెతుకుతుంది, అదేమో అందులో లేదు. చతురస్రపు బ్రాకెట్లలో పెడితేనే కీలో ఉన్న పేరుతో వెతుకుతుంది. ఇంకొందరు జాబితాల మీద తిరిగే లూపు ఫర్-ఆఫ్‌ని నేరుగా ఆబ్జెక్టు మీదే తిప్పి, ఇటరబుల్ కాదన్న (అలా ఒక్కోటిగా తిప్పడానికి వీల్లేదన్న) ఎర్రర్ చూసి టెన్షన్ పడతారు.

ఎంట్రీస్‌తో ఈ రెండు గొడవలూ లేవు. కీ, విలువ జంటగా చేతికొస్తాయి, ఫర్-ఆఫ్ హాయిగా తిరుగుతుంది. ప్రోటోటైప్ (ఆబ్జెక్టుకి వారసత్వం ఇచ్చే మూల ఆబ్జెక్టు) నుంచి వచ్చినవి ఫర్-ఇన్‌లో దూరినట్టు ఇందులో దూరవు. జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణంలోనే వచ్చింది కాబట్టి బ్రౌజర్ల బెంగా అక్కర్లేదు.

పేచీ అంతా వరుసతోనే. వ్యాపారి 100 కౌంట్ పైన, 30 కౌంట్ అడుగున కావాలన్నారు. కుర్రాడు ఆబ్జెక్టులో 100, 90, 80 అని అదే వరుసలో రాశాడు. తెర మీద మాత్రం 30 ముందు! కీలు 0, 1, 2 లాంటి పూర్ణసంఖ్యలైతే జావాస్క్రిప్ట్ వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికే ఇస్తుంది, మనం ఎలా రాసినా సరే. ఫర్-ఇన్ అయినా, ఎంట్రీస్ అయినా అంతే. పేర్లయితే రాసిన వరుసలోనే వస్తాయి, అందుకే చేపల రకాల పట్టికలో ఈ సమస్య ఎవరికీ కనబడలేదు.

ఇంకో చిక్కుంది. అంకెలా కనబడే కీ నిజానికి స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. 100కి 10 కలిపి 110 రాబట్టబోతే 10010 వచ్చింది. ఆ కౌంట్ రొయ్య పుట్టలేదింకా! కలిపేముందు నంబర్‌గా మార్చాలి.

రేట్ల పట్టికని చివరికి మ్యాప్‌లోకి (జావాస్క్రిప్ట్‌లో కీ-విలువ జంటలు దాచే మరో అమరిక) మార్చాం. పెట్టిన వరుస పెట్టినట్టే ఉంటుంది, అంకె అంకెగానే ఉంటుంది. మిగతా పేజీలన్నిటికీ ఎంట్రీసే. ఐదుకి నాలుగు మార్కులు, ఆ ఒక్కటీ వరుస దగ్గర కోశాను.