పార్క్ చేసిన పాత కారులో బ్యాటరీ దిగిపోతుంటే: ఫ్యూజులు పీకాలా, మిల్లీవోల్టులు కొలవాలా?

ముందు బ్యాటరీనే అనుమానించండి. ఫుల్ ఛార్జ్ చేసి, నెగటివ్ వైరు తీసేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 12.6 వోల్టుల దగ్గరే ఉంటే బ్యాటరీ మంచిదే, కరెంటు కారే తాగుతోంది.

చాలామంది చేసేది మొదటి పద్ధతి. మల్టీమీటర్ ఎర్ర వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటర్‌ను నెగటివ్ టెర్మినల్‌కీ వైరుకీ మధ్య తగిలించి, ఏది తీస్తే అంకె పడిపోతుందో ఒక్కో ఫ్యూజు పీకుతూ చూడటం. మొత్తం ఎంత పోతోందో సూటిగా తెలుస్తుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు అయితే కంగారు లేదు. 300 ఉంటే మాత్రం 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీ నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది. మీటర్ తగిలించి ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటర్ ఫ్యూజు పోతుంది.

రెండోదానిలో ఏదీ పీకక్కర్లేదు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. వాటి మీద మీటర్ ప్రోబ్‌లు (వైర్ల చివరి సూదులు) ఆనించి మిల్లీవోల్టులు చూడాలి. సున్నా అయితే ఆ దారిలో కరెంటు లేనట్టే. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 1 మిల్లీవోల్ట్ అంటే సుమారు 130 మిల్లీఆంపియర్లు. కంప్యూటర్లున్న కార్లకు నా ఓటు దీనికే. ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూల్ (కారులోని చిన్న కంప్యూటర్) మళ్లీ లేచి, లెక్క తప్పుతుంది. కార్బురేటర్ కాలపు బండికి మొదటిదే చాలు.

రెండింటికీ కారు లాక్ చేసి అరగంట ఆగాలి. ఏ ఫ్యూజు దారిలోనూ దొంగ దొరక్కపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) డయోడ్ చూడండి. అన్నట్టు, డిక్కీ బల్బును చేత్తో తాకండి. మూసి ఉంచి, తెరవగానే వేడిగా తగిలితే దొంగ దొరికినట్టే.