ఉప్పుగాలికి నిలిచే కిటికీ ఏది: టేకా, యూపీవీసీనా, అల్యూమినియమా?

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. దాంతోపాటే ఉప్పుగాలీ వస్తుంది. ఇనుప కిటికీలకు ఎన్నిసార్లు రంగేయించినా లోపల్నుంచి తుప్పు తన్నుకొస్తోంది. ఈసారి అన్నీ మార్చేద్దామని కూర్చున్నాం.

టేకు అందం టేకుదే, ఎండకి వేడెక్కదు కూడా. కానీ వానాకాలంలో రెక్క ఉబ్బి చట్రంలో ఇరుక్కుంటుంది. పైగా మంచి టేకు ధర వింటే గుండె గుభేలుమంటుంది.

యూపీవీసీ అంటే గట్టి రకం ప్లాస్టిక్. దానికి తుప్పు, చెదలు రెండూ లేవు. వేడినీ చప్పుడునీ బాగా ఆపుతుంది, ఏసీ గదికి అదే మేలు. కాకపోతే ప్లాస్టిక్ కదా, పెద్ద రెక్కయితే నిలవడానికి లోపల స్టీలు పెట్టాలి, చట్రమూ లావుగా ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గాలికి కిటికీలు ఎలా కొట్టుకున్నాయో చూసినవాళ్ళం, ఆ స్టీలు వేశారో లేదో చూడకుండా డబ్బివ్వలేం.

అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే. సన్నటి చట్రం పెద్ద అద్దాన్ని మోస్తుంది, బాల్కనీ తలుపు చిటికెన వేలితో జరుగుతుంది. గాలి తగలగానే పైన సన్నని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది కాబట్టి ఇనుములా పెచ్చులు రాలదు. అయితే షాపులో చెప్పే 'అసలు పాడవదు సార్' అన్న మాట సగమే నిజం. ఉప్పు పేరుకుంటే తెల్లటి పొడి లేచి, చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకే పౌడర్ కోటింగో (పొడి రంగు చల్లి వేడితో కరిగించి అంటించేది), మందమైన యానోడైజింగో (ఆ ఆక్సైడ్ పొరనే కరెంటుతో మందంగా పెంచేది) ఉండాలి.

అసలు తిరకాసు స్క్రూల దగ్గర. మా పక్కింట్లో మామూలు ఇనుప స్క్రూలు బిగించారు. ఉప్పు తడిలో ఇనుమూ అల్యూమినియమూ తగిలితే బ్యాటరీలాంటి చర్య మొదలై అల్యూమినియమే తినేయబడుతుంది. వాళ్ళ చట్రం స్క్రూల చుట్టూ ఉబ్బిపోయింది. సముద్రం పక్కన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి మరీ వేయించుకోవాలి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

వేడి విషయంలో మాత్రం అల్యూమినియం ఓడిపోతుంది. చెక్కతో పోలిస్తే వెయ్యి రెట్లు సులువుగా వేడిని లోపలికి పంపిస్తుంది. అందుకే పడమటి పడకగదికి, బాత్‌రూమ్‌కి యూపీవీసీ చెప్పాం. సముద్రం వైపు కిటికీలు, బాల్కనీ తలుపు అల్యూమినియం. సింహద్వారం టేకే, రేకు గడపకి పసుపు రాయనని అమ్మ ముందే చెప్పేసింది.

చట్రాలు వచ్చేశాయి. గోడల ప్లాస్టరింగ్ అయ్యేదాకా వాటి మీది ప్లాస్టిక్ కాగితం పీకొద్దని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. పచ్చి సిమెంట్ పడితే అల్యూమినియం మీద ఆ మరక పోదు.