ప్లాటు కొంటే దశమభాగం కూడా చెల్లినట్టే అన్నారు: జాగ్రత్త

అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో టేబులు వేసి ప్లాట్లు బుక్ చేసుకునేవాళ్లు మీ ఊరికి ఇంకా రాకపోతే, రేపో మాపో వస్తారు. మేము 4 లక్షలు కట్టాం. ఇప్పుడు మా చేతిలో ఉన్నవి బౌన్స్ అయిన ఒక చెక్కు, ఒక రసీదు. ఆ రసీదు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా. నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, మా ఆయనది ఆర్టీసీ ఉద్యోగం. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లాక వేరే జిల్లా నుంచి ఒక బ్రదర్ వచ్చి మా సంఘంలో సాక్ష్యం చెప్పారు. అప్పులపాలై ఊరొదిలి పోయిన తనను దేవుడు ఎలా లేవనెత్తాడో చెబుతుంటే సగం మందిమి కళ్లు తుడుచుకున్నాం. చివర్లో అసలు విషయానికి వచ్చారు. విశ్వాసులంతా ఒకేచోట ఉండేలా కాలనీ వేస్తున్నారట, మధ్యలో మందిరం కడతారట, ప్రతి ప్లాటు ధరలో పదో వంతు ఆ మందిరానికే పోతుందట. గజం 4,000. నెల దాటితే 5,500. మేము 150 గజాలు అనుకున్నాం, 6 లక్షలు. ముందు 4 లక్షలు కట్టి, మిగతాది రిజిస్ట్రేషన్ రోజున ఇవ్వాలి.

"ప్లాటూ వస్తుంది, దశమభాగమూ చెల్లుతుంది సిస్టర్" అన్నారాయన. నేను పడిపోయింది ఆ మాటకే. రిటైర్మెంట్ డబ్బులో దశమభాగం, అంటే దేవుడికి ఇవ్వాల్సిన పదో వంతు, ఇంకా తీయలేదన్న బెంగ నాకు ఎప్పటినుంచో ఉంది. అది అతనికి ఎవరు చెప్పారో గానీ, లేక అందరి దగ్గరా ఇదే మాట వాడతాడో!

వ్యాన్లో తీసుకెళ్లి స్థలం చూపించారు. తెల్ల రాళ్లు పాతారు, ఎర్ర జెండాలు కట్టారు, బిర్యానీ పొట్లాలు పంచారు. మా ప్లాటు రాయి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ రాయి ఏ సర్వే నంబర్లో ఉందని మాలో ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు అడగాలనిపించింది. దేవుడి పనిని అనుమానిస్తున్నానని అనుకుంటారేమోనని సిగ్గుపడ్డాను. మా సంఘం పాస్టరు అయ్యగారిని తప్పుపట్టను, ఆయన కూడా ఒక ప్లాటుకు కట్టి మాలాగే తిరుగుతున్నారు.

తర్వాత నెలకో సాకు. అప్రూవల్ వస్తోందన్నారు, సర్వర్ పనిచేయడం లేదన్నారు, ఆషాఢంలో రిజిస్ట్రేషన్ వద్దన్నారు. మనకెందుకు బ్రదర్ ఆషాఢం అని అడగాలని కూడా అప్పుడు తట్టలేదు!

ఒకరోజు మా అమ్మాయి ఆ రసీదు తీసి చదివింది. "అమ్మా, ఇందులో ప్లాటు అన్న మాటే లేదు కదా" అంది. ఫలానా ట్రస్టుకు "స్వచ్ఛంద కానుక" అందినట్టు రాసి ఉంది. ప్లాటు నంబరు కాగితం వెనకాల పెన్సిలుతో ఉంది. అంటే కాగితం ప్రకారం మేము ఏమీ కొనలేదు, 4 లక్షలు సంతోషంగా ఇచ్చేశాం! దశమభాగం మాట మొదటి రోజు నుంచీ ఎందుకు కలిపాడో అప్పుడు అర్థమైంది.

మర్నాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరున్న డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం. ఆయన సర్వే నంబరు కనుక్కుని, "ఇది 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందమ్మా, అసైన్డ్ భూమి" అన్నారు. పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. వాటి అమ్మకాలను నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. ఈమధ్య కొన్ని సడలింపులు వచ్చినా, నిషేధిత జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు. బైబిల్లో రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట గురించి సండే స్కూల్ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, చివరికి నేనే ఒక పేదవాడి చెక్కలో రాయి పాతించుకున్నాను.

డబ్బు తిరిగి ఇమ్మంటే ఆ బ్రదర్ బైబిల్లో మొదటి కొరింథీయులు ఆరో అధ్యాయం తీశాడు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కకూడదన్నాడు. మరి అదే అధ్యాయంలో, మీరే మీ సహోదరులకు అన్యాయం చేసి సొత్తు కాజేస్తున్నారని ఆ పత్రిక రాసిన పౌలు గద్దించిన మాట అతను చదవలేదు. ఆ పౌలే తన విషయం వచ్చినప్పుడు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు.

ఎప్పుడూ చదివే యిర్మీయా ప్రవక్త గ్రంథం 32వ అధ్యాయం ఈసారి నాకు కొత్తగా కనిపించింది. అనాతోతులో పొలం అమ్మడానికి వస్తున్నది సొంత చిన్నాన్న కొడుకు హనమేలు. వాడు వస్తాడని దేవుడే ముందుగా చెప్పాడు. ఇంతకంటే నమ్మకమైన బేరం ఉంటుందా? అయినా యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన కాగితం, వేయని కాగితం రెండూ మట్టి కుండలో దాచమని తన లేఖకుడు బారూకుకి ఇచ్చాడు. అబ్రాహాము కూడా అంతే. పొలం సొంతదారు ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నా వినకుండా, ఊరి ద్వారం దగ్గర అందరూ వింటుండగా 400 తులాల వెండి తూచి ఇచ్చాకే మక్పేలా పొలం తనదనుకున్నాడు. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. నేనేమో కాగితం అడగడమే అవిశ్వాసం అనుకున్నాను.

మీరు కొనేముందు సర్వే నంబరు తీసుకోండి. 22ఏ జాబితాలో, ఆ భూమి లావాదేవీలు చూపే ఈసీలో, ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో చూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పదో వంతు మించి అడగకూడదు, మా దగ్గర మూడింట రెండు వంతులు తీసుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇచ్చేది వేరు, కొనేది వేరు. రెండిటికీ కలిపి ఒకే రసీదు ఇస్తే అక్కడే ఆగిపోండి. నా దశమభాగం ఇప్పుడు విడిగా, మా సంఘం లెక్కల పుస్తకంలో రాయించే ఇస్తున్నాను.

గట్టిగా అడిగితే లక్షకు చెక్కు ఇచ్చాడు. బౌన్స్ అయింది. "ఉపవాస ప్రార్థనలో పెట్టాం, ఇంకో నెల ఆగండి" అన్నాడు. ఆగి ఉంటే అదీ పోయేది. చెక్కు బౌన్స్ అయినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపే, చెక్కు ఇచ్చినవాడికి నోటీసు ఇవ్వాలట. మేము 26వ రోజున పంపాం. కానుకే అయితే తిరిగి చెక్కు ఎందుకిచ్చాడని మా లాయరు గారు అంటున్నారు, మాకున్న ఆధారం ప్రస్తుతానికి అదే. పోలీసులకూ ఫిర్యాదు ఇచ్చాం. మా సంఘంలో 11 కుటుంబాలు కట్టాయి, సంతకం పెట్టింది నాలుగే. మిగతావాళ్లు ఇంకా రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తున్నారు.

అదే కరపత్రం ఇప్పుడు కృష్ణా జిల్లా వైపు తిరుగుతోందని తెలిసింది. గజం 4,500 చేశారట. ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే, రసీదు వెనకాల నంబరు కాదు, ముందువైపు ఏం రాసి ఉందో ఈ రాత్రే చూడండి.