రెండొందల గజాల్లో ఆరొందల అడుగుల లోతు: బోరు పాయింట్ సర్వేపై సమీక్ష

హైదరాబాద్‌లో బోరు వేసే ముందు మీటరుతో పాయింట్ పెట్టించడం మామూలైపోయింది. టెంకాయ, వేపపుల్ల కాస్త పక్కకు జరిగి రెసిస్టివిటీ మీటరు (నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచేది; తడి నేల తక్కువ అడ్డుకుంటుంది), నాలుగు రాడ్లు వచ్చాయి. పద్ధతితో గొడవ లేదు, అమ్మే తీరుతోనే పేచీ. ఊరవతల వెంచర్లలో, పొలాల్లో ఈ సేవకు 5కు 4 ఇవ్వచ్చు. కాలనీ నడుమ 200 గజాల ప్లాటులో మాత్రం 1 దాటదు.

లెక్క చూడండి. ష్లంబర్జర్ పద్ధతిలో బయటి రాడ్ల (ఏబీ) గుండా భూమిలోకి కరెంటు పంపి, లోపలి రాడ్ల (ఎంఎన్) మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి రాడ్లు ఎడమయ్యేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. అందే లోతు ఏబీ పొడవులో సుమారు నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. 30×60 ప్లాటులో మూల నుంచి మూలకు 67 అడుగులు. అంటే 17 నుంచి 22 అడుగుల లోతు. అంత జాగాలో రాడ్లు కొట్టి ‘450 దగ్గర ఒక గ్యాపు, 620 దగ్గర ఇంకోటి’ అని, అంటే అన్ని అడుగుల కింద రాతిలో నీళ్ల పగుళ్లున్నాయని, రాసిస్తే అది జోస్యం. 200 అడుగులు చూడాలన్నా 180 నుంచి 240 మీటర్ల తీగ పరవాలి.

అసలు ఇక్కడి నేలలో ఈ మీటరు బాగా చెప్పేది మొరం (రాయి చివికి గుల్లబారిన పైపొర) మందం. మనది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నీళ్లు ఎక్కువగా మొరంలోనూ, దాని కింద పగుళ్లున్న రాతి పైభాగంలోనూ ఉంటాయి. నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి చేసిన పనిలోనూ లోతు పెరిగేకొద్దీ నీళ్లిచ్చే పగుళ్లు తగ్గడమే కనిపించింది. 600 అడుగుల కింద జానెడు పగులుంటే పైనున్న మీటరులో ముల్లు కూడా కదలదు.

పని తెలిసిన టీమును గుర్తుపట్టడం కష్టం కాదు. ఎండాకాలం రాడ్ల మొదట్లో ఉప్పునీళ్లు పోస్తారు, కానీ ఒక రాడ్డు తడి ఇంకో రాడ్డును అంటనివ్వరు. కరెంటు దిశ మార్చి ప్రతి రీడింగునూ మళ్లీ తీస్తారు. ఎంఎన్‌ను ఏబీలో అయిదో వంతు మించనివ్వరు. ఎంఎన్ పెంచినప్పుడు పాత ఏబీ దూరాల దగ్గర రెండు రీడింగులైనా తిరిగి తీసి కలిపి చూస్తారు. ఫీల్డు షీటు అడిగి మీరే ఒక వరస సరిచూడండి: ఏబీ సగం 20 మీటర్లు, ఎంఎన్ 2 మీటర్లయితే రాడ్ల దూరాల్ని బట్టి వచ్చే గుణకం 627. 50 మిల్లీఆంపియర్లకు 10 మిల్లీవోల్టులొస్తే నిరోధం 0.2 ఓంలు, దాన్ని గుణకంతో గుణిస్తే ఫలితం 125 ఓం-మీటర్లు. షీటు ఇవ్వనంటే డబ్బులూ ఇవ్వకండి.

ఏబీ సగం దూరానికి ఎదురుగా ఈ ఓం-మీటర్లను లాగ్ కాగితం (లాగరిథమ్ గళ్ల గ్రాఫు) మీద గీస్తారు. ఆ గీత 45 డిగ్రీలకన్నా నిటారుగా లేచిందా? పొరలు అడ్డంగా ఉన్న నేలలో అలా కుదరదు. కాంటాక్టు సరిగా లేకపోవచ్చు, నేల లోపల పక్కన రాతి గోడ లాంటి మార్పు ఉండొచ్చు, లేదా పైపులైను దగ్గరుండొచ్చు. నగరంలో మూడో అనుమానమే ముందు రావాలి: నీళ్ల పైపులు, ఇనుప చువ్వల కాంక్రీటు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగు, అన్నీ కరెంటును తమవైపు లాగేస్తాయి. తక్కువ ఓంలు కనబడ్డంత మాత్రాన నీళ్లని కాదు. బంకమట్టి, మూసీ వైపు మురుగు ఇంకిన నేల కూడా అంతే తక్కువ చూపిస్తాయి.

టచ్ స్క్రీన్ మీద రంగుల బొమ్మ చూపే మీటర్ల ముచ్చట వేరు. వాటిలో చాలావరకు కరెంటు పంపవు, నేలలో ఉన్న సహజ విద్యుత్ క్షేత్రాన్నే చదువుతాయి. 50 హెర్ట్జ్ లైన్ల కింద అవి చదివేది ఎక్కువగా కరెంటోళ్ల తీగల్నే. బొమ్మలోని లోతును దగ్గర్లోని పాత బోరుతో పోల్చి సరిచేయకపోతే అది అలంకారమే.

ప్లాటు చిన్నదైతే ఆ ఫీజు మిగుల్చుకుని, ఇరుగుపొరుగు బోర్లలో కేసింగు (గుల్ల నేల కూలకుండా గట్టి రాయి దాకా దించే పైపు) ఎంత దిగింది, నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర తగిలాయి అని అడిగి రాసుకోండి. కేసింగు లోతు దాదాపు మొరం లోతే.