జాగ్రత్త: పాత 'బుడుగు' అని చెప్పి టీ నీళ్లలో ముంచిన జిరాక్స్ అమ్ముతున్నారు

చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. పాత తెలుగు పుస్తకాలు కొనేవాళ్లలో ఆ అమ్మే ఆయన తెలియనివాళ్లు ఉండరు. వారానికి రెండుసార్లు "అరుదైన ప్రతి, ఒక్కటే ఉంది, ముందు అడిగినవారికే" అని ఫొటోలు పెడతారే, ఆయనే. ఆయన దగ్గర 6,500 రూపాయలు పెట్టి 'బుడుగు' మొదటి ముద్రణ కొన్నాను. వచ్చింది జిరాక్స్. కాగితాలు టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి, పైన పాత అట్ట ఫొటోని రంగుల్లో ప్రింటు తీసి అతికించిన జిరాక్స్.

డబ్బు పోయిన బాధ లేదని అనను. నెల రోజులు కూరగాయల దగ్గర కూడా లెక్క చూసుకుని దాచిన డబ్బు. కానీ నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది డబ్బు కాదు. ఆ మనిషి ఫోన్లో అన్న ఒక్క మాట. దానికి ముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

మొన్న ఆదివారంతో మా నాన్నగారికి 75 నిండాయి. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పుట్టింది ముక్తేశ్వరం దగ్గర ఒక లంకలో. చిన్నప్పుడు ఆయన చెప్పే కబుర్లకి ఇల్లంతా నమ్మి మోసపోయేదట. తొమ్మిదేళ్ల వయసులో వాళ్ల మామ్మగారితో, కాటన్ దొర రోజూ రాత్రి గుర్రమెక్కి ధవళేశ్వరం నుంచి ఏటిగట్టంట వస్తున్నాడనీ, లాకులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని వెనక్కి వెళుతున్నాడనీ, "ఆకలేస్తోంది బాబూ" అని తనని అడిగాడనీ చెప్పారు. దొర చనిపోయి అప్పటికి అరవై ఏళ్లు. అయినా ఆ మహానుభావుడి పేరు చెప్పేసరికి మామ్మగారు కరిగిపోయి, అరుగు మీద ఇత్తడి పళ్లెంలో రెండేసి అరిసెలు పెట్టారు. మూడు రాత్రులు పెట్టారు. తెల్లారేసరికి పళ్లెం ఖాళీ. నాలుగో రాత్రి, పాపం గుర్రం కూడా అంత దూరం వస్తోంది కదా అని పక్కనే ఉలవ గుగ్గిళ్లు పెట్టారు. పొద్దున చూస్తే అరిసెలు లేవు, గుగ్గిళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడు దొరికిపోయారు మా నాన్నగారు.

ఆ గొడవంతా విన్న వాళ్ల బాబాయిగారు రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు ఒక పుస్తకం తెచ్చి, "నీలాంటివాడే ఇంకోడున్నాడురా, చదువుకో" అని చేతిలో పెట్టారు. అదే 'బుడుగు'. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ముళ్లపూడి వెంకటరమణగారి రచన, బాపుగారి బొమ్మలు. బామ్మ, బాబాయి, రాధ, గోపాళం, సీగాన పెసూనాంబ, వీళ్లంతా మా ఇంట్లో చుట్టాల కిందే లెక్క. రమణగారు పుట్టింది ధవళేశ్వరం, బాపుగారు పుట్టింది నర్సాపురం. మన గోదారి చీలే చోట ఒకరు, సముద్రంలో కలిసే చోట ఒకరు అని నాన్నగారు క్లాసులో పిల్లలకి మ్యాపు మీద వేలు పెట్టి చూపించి మరీ చెప్పేవారు.

ఆ పుస్తకం 1986 ఆగస్టు వరదలో పోయింది. ఇల్లు కూలింది, చెక్క పెట్టె కొట్టుకుపోయింది. ఆ వరద గురించి అడిగితే ఇప్పటికీ ఇంటి గురించి ఒక మాట చెప్పి, పెట్టె గురించి పది మాటలు చెబుతారు. కొత్త ప్రతులు ఆయన దగ్గర లేక కాదు, రెండున్నాయి. ఆయనకి కావలసింది చిన్నప్పుడు చేత్తో పట్టుకున్నలాంటి పుస్తకం. ఆ కాగితం, ఆ అచ్చు.

అందుకని ఆ పుస్తకాలు అమ్మే ఆయన పెట్టిన ఫొటో చూడగానే ఫోన్ చేశాను. ఐదు వేలు అన్నారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. నాన్నగారి గురించి, వరద గురించి, అరిసెల సంగతితో సహా అంతా చెప్పాను. గట్టిగా నవ్వారు. "అలాంటివాళ్ల చేతుల్లోకే వెళ్లాలమ్మా ఈ పుస్తకం" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, హైదరాబాద్ నుంచి ఒకాయన 6,500 ఇస్తానంటున్నారు, మీకైతే అదే ధరకి ఇస్తాను అన్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. మొదటి పేజీల ఫొటోలు పంపమంటే "పేజీలు పెళుసుగా ఉన్నాయమ్మా, తెరిస్తే విరుగుతాయి" అన్నారు. పాత పుస్తకం కదా, నిజమే అనుకున్నాను. డబ్బంతా ఒకేసారి పంపేశాను.

పార్శిల్ శనివారం సాయంత్రం వచ్చింది. నాన్నగారే విప్పాలని ముట్టుకోలేదు. అదే నేను చేసిన పెద్ద తప్పు. వచ్చిన వెంటనే విప్పి ఉంటే ఆదివారం ఆ ఘోరం జరిగేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్తయ్య, పిన్ని, బాబాయి, పిల్లలు అందరూ హాల్లో ఉన్నారు. నాన్నగారు చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకుని, నెమ్మదిగా టేపు విప్పారు. అట్ట చూడగానే ఆయన ముఖం వెలిగింది. నేను చూశాను. పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఒక పేజీ తిప్పి, దాని వెనక వైపు చూపుడువేలి కొసతో మెల్లగా తడిమారు. ఆగారు. ఇంకో పేజీ తిప్పి మళ్లీ అలాగే తడిమారు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏం నాన్నగారూ, అదేనా?" అని అడిగాను.

"అదేనమ్మా, చాలా బావుంది" అన్నారు. అత్తయ్య చూస్తానంటే ఇచ్చారు. పిల్లలకి బుడుగు కబుర్లు చెప్పి నవ్వించారు కూడా.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరకి వేశారు. "ఎంత పెట్టి కొన్నావు తల్లీ?" అన్నారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే చూపించారు.

ఆ రోజుల్లో సీసపు అక్షరాలు కూర్చి, సిరా పూసి, కాగితాన్ని దాని మీద అదిమి అచ్చు వేసేవారు. ఆ ఒత్తిడికి అక్షరం కాగితంలో దిగుతుంది. పేజీ వెనక వేలితో తడిమితే చిన్న చిన్న గరుకు తగులుతుంది. స్కూలు పత్రిక అచ్చు వేయించడానికి ఏటా ప్రెస్సు చుట్టూ తిరిగిన మనిషి ఆయన, ఆ స్పర్శ ఆయన వేళ్లకి తెలుసు. ఇందులో వెనక వైపు అద్దంలా నున్నగా ఉంది. జిరాక్స్ మెషిన్లో సిరా ఉండదు, నల్లటి పొడిని వేడితో కరిగించి కాగితం పైన అంటిస్తుంది. అందుకే వెలుగులో పక్కకి వంచి చూస్తే అక్షరాలు మెరుస్తున్నాయి. పేజీ మడత పడిన చోట ఒక వరుసంతా పెచ్చులూడి ఆయన బొటనవేలికి నల్లగా అంటింది.

కాగితం రంగు చూపించారు. నిజంగా పాతబడిన పుస్తకం అంచుల నుంచి లోపలికి గోధుమ రంగు తిరుగుతుంది, మధ్యలో కాస్త తెల్లదనం మిగులుతుంది. ఇది అంతా ఒకే రంగు. అక్కడక్కడ డికాషన్ ఆరిన గీతలు. ముక్కు దగ్గర పెడితే టీ వాసన.

పేరు ఉన్న పేజీ చూసి అడిగారు, "బు, డు, గు. మూడింటికీ కొమ్ము చూడు. చేత్తో రాస్తే మూడు కొమ్ములూ ఒకేలా వస్తాయా?" మూడూ ఒకటే అచ్చు. ఒకే వంపు, ఒకే పొడవు. నాకు వెంటనే బీరువాలో ఉన్న మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్ కార్డు గుర్తొచ్చింది. తెచ్చి పక్కన పెట్టాను. అదే అక్షరం. బాపుగారి చేతిరాతని చూసి చేసిన కంప్యూటర్ ఫాంటు, ఇప్పుడు ప్రతి పెళ్లికార్డు మీదా ఉంటుందే, అదే. అంటే ఆ పేజీని ఈ మధ్యే టైపు చేసి, కింద "మొదటి ముద్రణ" అని కొట్టి లోపల కలిపారు.

చివరి పేజీలో అడ్రసు దగ్గర విజయవాడ పక్కన ఆరంకెల పిన్ కోడ్ ఉంది. మన దేశంలో పిన్ కోడ్లు మొదలైంది 1972 ఆగస్టు 15న. "అప్పటికి నాకు ఉద్యోగం కూడా వచ్చేసిందమ్మా" అన్నారు నాన్నగారు. ఏదో తర్వాతి ముద్రణని జిరాక్స్ తీసి, ఆ అడ్రసు చెరపడం మర్చిపోయారు.

మధ్యాహ్నం అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అంత సంతోషంగా నిలబడ్డావు, ఎలా చెప్పను?" అన్నారు. నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ లేదు.

ఆ రాత్రే పుస్తకం అమ్మినాయనకి ఫోన్ చేశాను. మొదట "మీరు ఫొటో చూసే కొన్నారు కదండీ" అన్నారు. పిన్ కోడ్ సంగతి చెబితే "నేనూ ఒకరి దగ్గర కొన్నదే, నాకేం తెలుసు" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. అప్పుడు గొంతు మారిపోయింది. "కథ మారిందా మేడమ్? ఒక్క అక్షరమైనా పోయిందా? 75 ఏళ్ల ముసలాయనకి తేడా ఏం తెలుస్తుంది? మీరే పనిగట్టుకుని చెప్పి ఆయన్ని బాధపెడుతున్నారు."

నాకు నోట మాట రాలేదు. ఆ అరిసెల కబురు విని పడీపడీ నవ్విన గొంతే అది. మా నాన్నగారు ఎవరో, ఆ పుస్తకం ఆయనకి ఏమిటో నేనే నోరారా చెప్పాను. అంతా విని, ఈ ముసలాయనకి కనిపించదులే అని లెక్క వేసుకుని, పదిహేను వందలు ధర పెంచి మరీ జిరాక్స్ పంపాడు. ఇక్కడ నుంచి ఆ మనిషికి "రు" పెట్టి రాయడం నా వల్ల కాదు. అతను తేడా తెలియదన్న ఆ ముసలాయనే వేలి కొసతో రెండు పేజీలు తడిమి అతని దొంగతనం పట్టుకున్నారు. ఈ మాట ఫోన్లోనే అనాల్సింది. అప్పుడు తోచలేదు. మళ్లీ చేసేసరికి నా నంబరు బ్లాక్ చేసేశాడు. పోస్టులు మాత్రం నిన్న కూడా పెట్టాడు.

రచయిత పోయాక 60 ఏళ్ల దాకా పుస్తకం మీద హక్కు వారసులదే. రమణగారు పోయింది 2011లో. కాబట్టి ఇలా కాపీలు తీసి అమ్మడం నన్ను మోసం చేయడంతో ఆగేది కాదు, ఆ కుటుంబానికి కూడా అన్యాయం.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. అచ్చు వివరాల పేజీ, వెనక అట్ట, చివరి పేజీ వీడియో తీసి పంపమనండి. పేజీ విరిగిపోతుంది అంటే వదిలేయండి. 1957 ఏప్రిల్‌కి ముందు పుస్తకమంటే ధరలో నయా పైసలు ఉండకూడదు, అవి అప్పుడే మొదలయ్యాయి, అంతకుముందు అణాలే. డబ్బంతా ముందే పంపకండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీయలేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను సోమవారం చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. రేపు అమలాపురంలో పోలీసులకి కూడా కాగితం ఇస్తున్నాను.

ఇంకొక్కటి. అతను నాకు పంపిన అట్ట ఫొటోలో ఎడమ వైపు కింద గ్లాసు పెట్టినట్టు గుండ్రటి మరక ఉంటుంది, వెన్ను దగ్గర పైన కొంచెం చిరిగి ఉంటుంది. నిన్న ఆ ఫొటోనే మళ్లీ పెట్టాడు, "ఒక్కటే ఉంది" అని. తణుకు నుంచి ఒకావిడ కింద ధర అడిగారు. ఆవిడకి మెసేజ్ పెట్టాను, ఇంకా చూసుకోలేదు. ఆవిడ ఎవరికైనా తెలిస్తే దయచేసి ఫోన్ చేసి చెప్పండి, డబ్బు పంపకముందే.